వెలికి అందని రెండు పనులు

నరితా స్టేషను బయట, గుడికి దిగే వీధి మొదట్లో ఒక చిన్న గది ఉంది. వారానికి మూడు రోజులు అందులో కూర్చుంటాను. ఆకుపచ్చ కోటు వేసుకోవాలి, గుండె మీద ఇంటిపేరు రాసిన బిళ్ళ పెట్టుకోవాలి. విమానం మారే మధ్యలో ఐదారు గంటలు దొరికినవాళ్ళు రైలు దిగి వస్తారు. వాళ్ళకి దారి చెప్పడం పని. జీతం లేదు.

చెప్పాల్సినవి నాలుగు ముక్కలే. ఈ వీధి వెంట పల్లానికి దిగండి, పావుగంట నడక. మలుగు చేపలు కాల్చే కొట్లు దారిలోనే ఉంటాయి, తినేట్టయితే పదకొండు లోపు వెళ్ళండి, తర్వాత వరసలో నిలబడాలి. గుడి ద్వారం దగ్గర గడప తొక్కకండి, దాటండి. హోమం మొదలయ్యే ముందు డోలు మోగుతుంది, చెప్పులు విప్పి లోపల కూర్చోవచ్చు. తిరిగి వెళ్ళడానికి రైల్లో పది నిమిషాలే, కానీ విమానానికి మూడు గంటలు ముందుగా గుడి వదలండి. అంతే. అది నాకు కంఠతా వచ్చు. ఇంగ్లీషులో కూడా వచ్చు, అర్థం తెలిసీ తెలియకా.

విమానాశ్రయం రాకముందు అక్కడ ఏముండేదని ఏడాదికి ఒకరో ఇద్దరో అడుగుతారు. పొలాలు అంటాను. అక్కడితో ఆపేస్తాను.

నాతో పాటు నెమొతొ టీచరమ్మ కూర్చుంటుంది. బడిలో ఇంగ్లీషు చెప్పి రిటైరైన మనిషి. నన్ను ఈ పనిలోకి లాక్కొచ్చింది ఆవిడే. పొలం పోయాక నేను రోజంతా కిటికీ దగ్గర కూర్చుంటున్నానని మా ఆవిడ చెప్పిందట. నేను మాట్లాడనని టీచరమ్మకి ఎప్పుడూ ఎగతాళి.

"మీ నోట్లోంచి మాట తీయడం చిలగడదుంప తవ్వినట్టే ఇవాదాతె గారూ. తొందరపడ్డామా, విరిగి సగం లోపలే ఉండిపోతుంది."

పొలం పోయాక అన్నాను. పోలేదు, ఇచ్చాను. మా ఊరు కగెయాత్సు. సన్నటి లోయ, రెండు వైపులా మిట్టలు, ఇరవై రెండు ఇళ్ళు. కొత్త రన్‌వేకి ఆ చోటు కావాల్సి వచ్చింది. యాభై ఏళ్ళ కిందట ఇదే మాట మీద మా నాన్న పోలీసుల ముందు పేడ బకెట్టు పట్టుకుని నిలబడ్డాడు. నేను సంతకం పెట్టాను. అందరమూ పెట్టాం. ఇప్పుడు వరసగా కట్టిన కొత్త ఇళ్ళల్లో ఉంటున్నాం. నా పెరట్లో ముల్లంగి వేస్తే మూడు వరసలు పడతాయి.

ఆమె వచ్చింది అక్టోబరు చివర. వేరుశనగ పీకి, పొలాల్లో కుప్పలుగా నిలబెట్టి ఆరబెట్టే రోజులు. పొద్దున్న పది అయివుంటుంది. పొట్టి మనిషి, యాభై దాటిన వయసు, ఎండకి నల్లబడిన ముఖం. ఒక చేత్తో చక్రాల పెట్టె లాగుతోంది. రెండో చేత్తో గుడ్డ సంచి ఒకటి పొట్టకి ఆనించి పట్టుకుంది. బట్టలున్న సంచిని ఎవరూ అలా పట్టుకోరు.

టీచరమ్మ ఇంగ్లీషులో పలకరించింది. ఆమె తల అడ్డంగా ఊపి, మా భాషలో జవాబు చెప్పింది. మా భాష అంటే నరితాలో మాట్లాడేది కాదు. మా లోయలో మాట్లాడేది. మా అమ్మ పోయాక ఆ మాట తీరు నేను వినలేదు.

"గుడి తరవాత సూస్తానమ్మా. ముందు కగెయాత్సు ఎల్లాలి. ఏ బస్సు ఎక్కాలో సెప్పండి."

టీచరమ్మ నవ్వు ఆపుకుని నాకేసి చూసింది. ఈ యాస ఎక్కడ నేర్చుకున్నారమ్మా అని అడిగింది. ఆమె చెప్పింది. పేరు హరుయె. బ్రెజిల్‌లో పుట్టింది. ఇంట్లో నాన్న మాట్లాడింది తప్ప వేరే జపాను మాట తనకు రాదు. నగొయాలో ఫ్యాక్టరీ పని చేసే కూతురికి కాన్పు అయితే వచ్చింది. తిరిగి వెళ్తోంది. సాయంత్రం ఐదింటికి విమానం. నాన్న కిందటేడు పోయాడు. ఆయన ఎముక ఒకటి, చిన్నది, తీసుకొచ్చింది. వాళ్ళమ్మ పక్కన పెట్టమన్నాడట.

"పై బావి ఇల్లు అంటే ఊళ్ళో ఎవురన్నా సూపిస్తారన్నాడు నాన్న. ఇసావో కూతురినని సెప్పమన్నాడు."

నేను బల్ల మీద పటాలు సర్దుతున్నాను. సర్దినవే మళ్ళీ సర్దాను.

మా ఊళ్ళో ఇరవై రెండు ఇళ్ళలో పద్నాలుగు ఇళ్ళవాళ్ళు ఇవాదాతెలే. అందుకని ఇంటిపేరుతో ఎవరూ పిలుచుకోరు, ఇంటి గుర్తుతోనే. పై బావి ఇల్లు, మర ఇల్లు, వెదుళ్ళ ఇల్లు. వెదుళ్ళ ఇల్లు మాది. ఆమె నా గుండె మీద బిళ్ళ చదివింది.

"మీదీ ఇవాదాతేనా బాబాయ్? నాదీ అదే. మీది ఏ ఇల్లు?"

"నేను ఇటు పక్కవాడిని," అన్నాను.

అటు ఇప్పుడు బస్సులు వెళ్ళడం లేదని, ముందు గుడి చూస్తే తర్వాత ఏదో ఒకటి చూద్దామని, తోడు వస్తానని చెప్పాను. మూడేళ్ళలో నేను ఎవరితోనూ గది దాటి వెళ్ళలేదు.  పెట్టె టీచరమ్మ దగ్గరే వదిలాం. గుడ్డ సంచి మాత్రం ఆమె వదల్లేదు.

వీధి దిగుతుంటే నేను నా నాలుగు ముక్కలూ ఒకదాని తర్వాత ఒకటి అప్పజెప్పాను. ఆమె ఊఁ కొడుతూ నడిచింది. మలుగుల కొట్టు ముందు ఆగింది. అక్కడ వీధివైపే పీటలు వేసుకుని ముగ్గురు కూర్చుంటారు. తొట్టిలోంచి చేపని తీసి, తల దగ్గర మేకు దిగ్గొట్టి, ఒక్క గీతలో చీలుస్తారు. అది చీలాక కూడా తోక కదులుతూనే ఉంటుంది. ఆమె చాలాసేపు చూసింది.

"నాన్న వెదురు గొట్టాలతో పట్టేవోడట వీటిని. కాలవలో రాత్రి ముంచి, తెల్లారి తీయడం. వెదుళ్ళ ఇంటి కిచిజి అని ఓ పిల్లోడు ఎనకాలే వచ్చేవోడట. గొట్టంలో ఉన్నది సేపో పామో సూడకుండా సెయ్యి పెట్టేసేవోడట. ఆడి గురించి సెప్పి ఎన్నిసార్లు నవ్వేవోడో. బతికున్నాడా బాబాయ్ ఆ మనిషి?"

"ఉన్నాడనుకుంటాను," అన్నాను.

ఇసావో నాకంటే పన్నెండేళ్ళు పెద్ద. విమానాశ్రయం వస్తోందన్న మొదటి ఏడాదే, భూమి ఇచ్చేది లేదని ఊరంతా చేతులు కలిపి ప్రమాణం చేశాక, అతను తన భూమి అమ్మేశాడు. ఊరు పై బావి ఇంటిని వెలి వేసింది. పలకరింపు లేదు, నీళ్ళ వంతు లేదు, నాట్లకి మనిషి సాయం లేదు. అతను ఎదురొస్తే మా నాన్న నా తల పట్టుకుని పక్కకి తిప్పేవాడు. నాకప్పుడు పదకొండేళ్ళు. రెండేళ్ళకి అతను బ్రెజిల్ ఓడ ఎక్కాడు.

వీధి వంపు తిరిగే చోట ఆమె మళ్ళీ అందుకుంది. ఈసారి అడగకుండానే చెప్పింది. ఊరి మీద నాన్నకి కోపం లేదట. వెలి వేసినా మా ఊరిది పెద్ద మనసు అనేవాడట.

"వెలి ఏసినోళ్ళకి కూడా రెండు పనులు సెయ్యాలంట గదా. ఇంటికి నిప్పంటుకుంటే ఆర్పాలి, సావు వొస్తే మొయ్యాలి. మా నాయనమ్మ వెలిలోనే పోయింది. ఎవురూ రారనుకున్నాడట నాన్న. తెల్లారేసరికి నలుగురు వాకిట్లో నిలబడ్డారట. ఒక్క మాట మాట్లాడలేదట. మోసుకెల్లి, గొయ్యి తీసి, పూడ్సి, మాట్లాడకుండానే ఎల్లిపోయారట. అందుకే అమ్మ సమాధిని వొదిలెల్లడానికి భయం ఎయ్యలేదనేవోడు. ఊరుంది సూసుకుంటదని."

ఆ నలుగురిలో మా నాన్న ఒకడు. ఆ వేళ ఆయన ఇంటికొచ్చి చేతులు కడుక్కోవడం నాకు గుర్తుంది. మా అమ్మ ఏదో అడగబోతే, అది వేరే పని, ఇది వేరే పని అన్నాడు.

 గుడి ద్వారం వచ్చింది. గడప తొక్కకండి అన్నాను.

మెట్లెక్కుతుండగానే డోలు మోగింది. చెప్పులు విప్పాం. లోపల మనుషులు కిక్కిరిసి ఉన్నారు. మంట లేచాక, మంత్రాలు చివరికి వచ్చాక, పూజారులు కటకటాల దగ్గరికి వస్తారు. జనం చేతిసంచులూ పర్సులూ అందిస్తారు. వాటిని మంట సెగకి చూపించి తిరిగి ఇస్తారు. కీడు పోతుందని. ఆమె లేచి నిలబడింది. గుడ్డ సంచి ఇవ్వొచ్చా అని నన్ను అడిగింది. ఇవ్వొచ్చన్నాను. కానీ ఆమె ముందు పెద్ద గుంపు ఉంది, ఆమె చెయ్యి అందలేదు. వెనక్కి తిరిగి, పట్టుకోండి బాబాయ్, మీరు పొడుగు కదా అని సంచి నా చేతుల్లో పెట్టింది.

బరువు లేదు. తడిసిన వెదురు గొట్టం ఇంతకు నాలుగింతలు ఉంటుంది. గొట్టంలోంచి చెయ్యి తీయలేక నేను ఏడుస్తుంటే ఇసావో నా మణికట్టు పట్టుకుని, లాగకు, వదులు చెయ్యి, అదే వస్తుంది అన్నాడు ఒకసారి. నేను సంచి పైకెత్తాను. పూజారి తీసుకున్నాడు, సెగకి చూపించాడు, తిరిగి నా చేతుల్లోనే పెట్టాడు. వెచ్చగా ఉంది.

బయటికి వచ్చి మెట్ల మీద కూర్చున్నాం. సంచి ఆమెకి ఇచ్చేశాను. పన్నెండు దాటింది.

"పై బావి వాళ్ళ సమాధి ఇప్పుడక్కడ లేదమ్మా," అన్నాను.

ఆమె చెప్పుల పట్టీ సర్దుకుంటోంది. "మరెక్కడుంది?"

చెప్పాను. ఊరు లేదని, సమాధుల మిట్ట చదును చేశారని. అయినవాళ్ళున్న సమాధులకి వాళ్ళే పూజారిని పిలిచి, రాతిలోంచి ఆత్మని తీయించి, కొత్త చోటికి తెచ్చుకున్నారు. అయినవాళ్ళు కనపడని సమాధుల దగ్గర బోర్డు పాతాలి. సంబంధీకులు ఉంటే తెలియజేయండి అని. అది ఏడాది ఉండాలి. ఏడాది దాటితే అందరినీ ఒక్క రాతి కింద పెట్టేస్తారు, దిక్కులేనివాళ్ళుగా. ఆ బోర్డు పాతే పని శ్మశాన సంఘం నాకు అప్పజెప్పింది. పాతాను. ఏడాది ఉంది. వానకి అక్షరాలు కారిపోతే మళ్ళీ దిద్దాను కూడా.

"ఖాళీ అయిన ఊళ్ళో బోర్డు ఎవురు సదువుతారు బాబాయ్?"

ఆమె అది తప్పు పట్టినట్టు అడగలేదు. తెలియక అడిగింది.

"నాన్న యేటేటా ఊరికి కొత్త సంవత్సరం కార్డు రాసేవోడు. ఆ అడ్రసు ఎవురి దగ్గరా లేదా?"

లేదంటే సరిపోయేది. ఆమె నమ్మేది. కాసేపు ఏడ్చి, మలుగు ముక్క తిని, ఐదింటికి విమానం ఎక్కేసేది. నాకు ఆ జవాబు నోటిదాకా వచ్చింది.

"నా దగ్గరుంది," అన్నాను. "కిచిజిని నేనే."

మా నాన్న బతికున్నన్నాళ్ళూ ఆ కార్డులు పొయ్యిలో పెట్టేవాడు. ఆయన పోయాక నా పేరున రావడం మొదలెట్టాయి. నేను పొయ్యిలో పెట్టలేదు, జవాబూ రాయలేదు. బిస్కెట్ డబ్బాలో వేసేవాణ్ణి. ముప్పై పైన ఉన్నాయి. ఆఖరివాటిలో అక్షరాలు వణికాయి.

తలమీదుగా ఒక విమానం వెళ్ళింది. అది పోయేదాకా ఆమె ఆగింది.

"ఎందుకు రాయలేదు?"

బోర్డు పాతినప్పటి నుంచీ ఎవరూ అడగని ప్రశ్న. నాకు నేను చెప్పుకున్నవి చాలా ఉన్నాయి. వెలి ఇంకా ఎత్తలేదు కదా అని, బోర్డు పెడితే చట్టానికి చాలు కదా అని. అవేవీ రాలేదు. నోట్లోంచి ఆమె మాట తీరే వచ్చింది, మా అమ్మ మాట తీరు.

"రాత్తే, మేవూ అమ్మేసినామని రాయాల గదమ్మా."

ఆమె సంచి ముడి విప్పి మళ్ళీ వేసింది. తర్వాత చాలా నెమ్మదిగా అంది.

"ఊరు సెయ్యాల్సింది రెండే గదా బాబాయ్."

ఆమె లేచింది. వీధి ఎక్కి, పెట్టె తీసుకుని, స్టేషను వెనక పెట్టిన నా చిన్న బండిలో కూర్చుంది. టీచరమ్మ ఏమైందని అడిగితే, మధ్యాహ్నం రానని చెప్పి కోటు బల్ల మీద పెట్టాను.

కొత్త శ్మశానం మిట్ట మీద ఉంది. కంకర పరిచారు, గడ్డి రాదు. రాళ్ళన్నీ ఒకే ఎత్తు. ఒక మూల దిక్కులేనివాళ్ళ రాయి. దాని వెనక ఇనుప తలుపుంది. తాళం చెవి నా దగ్గరే. తీశాను. లోపల చెక్క అర మీద పన్నెండు తెల్లకుండలు, పన్నెండు నంబర్లు. పేర్లు రాయకూడదు, పేర్లు తెలియనివాళ్ళ కింద జమ.

"ఇందులో ఎవురు ఎవురో తెలవదా?"

"ఏడోది మీ నాయనమ్మ," అన్నాను.

మట్టిలో పెట్టిన మనిషి. యాభై ఎనిమిదేళ్ళకి మిగిలేదేమీ ఉండదు. నల్లమట్టి వచ్చింది, పన్ను ఒకటి వచ్చింది, చెక్క దువ్వెన సగం ముక్క వచ్చింది. తవ్వేటప్పుడు నేను పక్కనే ఉన్నాను. దువ్వెన ముక్క తుడిచి కుండలో వేసింది నేనే. మూత పెట్టి, కుంచె తీసుకుని, ఏడు అని రాసింది నేనే. ఆవిడ పేరు నాకు తెలుసు. దారిన పోతుంటే పిలిచి ఉడికించిన వేరుశనగకాయలు దోసిట్లో పోసేది.

మా రాయి అక్కడికి పది అడుగులు. ఇద్దరినీ మా రాతి కింద పెట్టిస్తానని, పూజారిని ఇప్పుడే పిలుస్తానని, నేనున్నన్నాళ్ళూ పూలూ నీళ్ళూ పెడతానని చెప్పాను. అంత పొడుగు మాట నేను ఎప్పుడూ చెప్పివుండను. ఆమె మా రాయి చూసింది. కొత్తది, నున్నగా ఉంది. మా నాన్న పేరు మొదట ఉంటుంది.

"మా నాన్న మీ రాతి కింద ఎందుకుంటాడు?" అంది. కోపం లేదు గొంతులో. "ఆవిణ్ణి ఇచ్చేయండి. ఇద్దర్నీ తీసుకెల్లిపోతాను."

కాగితం లేకుండా అక్కడినుంచి ఏదీ తీయకూడదు. కాగితం అడగాల్సిన మనిషిని నేనే. ఏడో కుండ కిందికి దించాను. బండిలో కొత్త తెల్లగుడ్డ ఉంది. అందులో కట్టి, రెండు కొసలూ కలిపి ముడేసి, మెడలో వేసుకున్నాను. మా ఊళ్ళో మగవాళ్ళు అలాగే మోస్తారు, మెడలో బరువు, కింద రెండు చేతులు. నేను మోస్తానులే అంది. ఇదొక్కటి నన్ను మోయనీ అన్నాను. ఆమె అడ్డు చెప్పలేదు. సరేనని కూడా అనలేదు.

విమానాశ్రయంలో ఆ పొడుగాటి హాలు ఈ చివరి నుంచి ఆ చివరికి నడిచాం. జనం మా ఎదురుగా వచ్చి, గుడ్డ చూసి, పక్కకి తప్పుకున్నారు. నేను ఎక్కడ నడుస్తున్నానో నాకు తెలుసు. హాలు అవతల, గాజుకి అటు, ఇసావో అమ్మిన చేను.

తనిఖీ వరస మొదట్లో కుర్చీలో ఒక ఆడమనిషి కూర్చుంది, యూనిఫారంలో. ఇక్కడ దాటితే ప్రయాణికులే వెళ్ళాలి. ఆ ఉద్యోగి కుండకేసి చూసి, లోపలేముంది, ఎవరివి అని అడిగింది. హరుయె చెప్పడానికి నోరు తెరిచింది. అప్పటికే నేను చెప్పేశాను.

"ఇవాదాతె తొయో. కగెయాత్సు, పై బావి ఇల్లు."

నా గొంతు నేననుకున్నదానికంటే పెద్దగా వచ్చింది. వరసలో వాళ్ళు వెనక్కి తిరిగారు. ఆ ఉద్యోగి లేచి నిలబడి, టోపీ తీసి, తల వంచి, రెండు చేతులూ చాపింది. నేను మెడలోంచి ముడి తీసి ఇచ్చాను. మెడ చల్లగా అయింది.

హరుయె అవతలికి వెళ్ళి, కుండా సంచీ రెండూ పొట్టకి ఆనించుకుని, నాకేసి తిరిగింది. ఏమైనా అంటుందని నిలబడ్డాను.

"కార్డు రాయకండి బాబాయ్," అంది. "ఇంక ఇక్కడ మావోళ్ళెవురూ లేరు."

అని తలవంచి దండం పెట్టి వెళ్ళిపోయింది. మా అమ్మ పెట్టినట్టే పెట్టింది, నడుం దాకా వంగి.

బండి దగ్గరికొచ్చి కూర్చున్నాను. ఐదు దాటాక వరసగా నాలుగు విమానాలు లేచాయి. ఏది ఆమెదో తెలియలేదు.

శ్మశానం తలుపు తాళం వేయలేదని అప్పుడు గుర్తొచ్చింది. మళ్ళీ వెళ్ళాను. అర మీద ఆరుకీ ఎనిమిదికీ మధ్య ఖాళీ. మిగతావి పదకొండు. మూడో నంబరువాళ్ళు హొక్కైదోలో ఉన్నారు. తొమ్మిదో నంబరు ఆడపడుచు మా ఆవిడకి దూరపు చుట్టం. ఇద్దరి అడ్రసులూ నాకు తెలుసు.